కాటాకెక్కని సామాను

నల్లగొండలో పాత ఇల్లు ఖాళీ చేయించడానికి ఒక ఫోన్ నంబరు అంటూ లేదు. నేనుండేది హైదరాబాద్ వనస్థలిపురంలో. మా పక్క ఫ్లాట్ వాళ్లు ఇల్లు మారినప్పుడు ఎవరికో ఫోన్ చేశారు. పొద్దున వ్యాను వచ్చింది, మధ్యాహ్నానికి విరిగిన సోఫా నుంచి చీపురుకట్ట దాకా అన్నీ ఎక్కించుకుని పోయింది. నల్లగొండ రామగిరిలో మా అమ్మ ఇంటికి కూడా వస్తారేమోనని ఆ వ్యాను వాళ్లనే అడిగాను. వంద కిలోమీటర్లు రానూ పోనూ డీజిలు, ఇద్దరు మనుషుల కూలి, లోడింగు కలిపి వాళ్లు చెప్పిన రేటు చూస్తే ఇంట్లో సామాను మొత్తం అమ్మినా అంత రాదు. ఊళ్లోనే ఎవరైనా ఉన్నారా అని మా మేనమామను అడిగాను.

"ఎందుకు లేరు బిడ్డా, అందరున్నరు. కాకపోతే ఒక్కో సామానుకు ఒక్కొక్కడు" అన్నాడు.

అదే జరిగింది. ఇత్తడికి ఒకరు, బ్యాటరీకి ఒకరు, పరుపులకు ఒకరు, దూలాలకు ఇంకొకరు. ఎవరికి వాళ్లు తమకు కావలసింది ఏరుకుని పోతారు. విలువున్న వస్తువు ఇల్లు దాటడానికి అరగంట పట్టదు. అసలు పనంతా ఎవరూ కొననిదాన్ని పంపించడంలోనే ఉంది. ఇల్లు ఖాళీ చేయబోయే వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మాది ముందు పెంకుటిల్లు, వెనక తర్వాతెప్పుడో వేసిన సిమెంటు రేకుల గది. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. తమ్ముడు బెంగళూరులో. పాతది తీసేసి రెండు పోర్షన్ల ఇల్లు కట్టుకుందామని అందరం ఒప్పుకున్నాం. శ్రావణంలో ముగ్గు పోయడానికి ముహూర్తం కుదిరింది. ఆషాఢంలో ఎలాగూ శుభకార్యాలుండవు కాబట్టి ఆ నెలంతా ఖాళీ చేసే పనికి పెట్టుకున్నాం. మేస్త్రీ ముందే చెప్పాడు: "ఇల్లు నున్నగ చేసి అప్పజెప్పాలె. లోపల ఒక్క డబ్బా ఉన్నా నా పని మొదలు కాదు."

ముందుగా ఇంట్లో ఏముందో చెప్పాలి. బయటి ఊళ్ల వాళ్లకు వింతగా ఉంటుంది గానీ, నల్లగొండలో పాత ఇల్లంటే సగం సామాను నీళ్ల కోసం కొన్నదే. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి దేశమంతా తెలుసు. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని లెక్క ఉంటే, మా జిల్లాలో ఎన్నో ఊళ్లు అంతకు ఎన్నో రెట్లు ఉన్న నీళ్లు తాగి కాళ్లు వంకరబోయిన మనుషులను చూశాయి. అందుకని ఏ కాలంలో ఏ ఉపాయం చెబితే దానికి తగ్గ సామాను ఇంట్లోకి వచ్చింది, పాతది అటకెక్కింది. చేదబావి నాటి గిలక, ఇనుప బొక్కెన. రాగి గంగాళం, ఇత్తడి బిందెలు. దొడ్లో కదిలించలేని సిమెంటు గోళెం. పటిక, సున్నం కలిపి నీళ్లు తేర్చుకోవడానికి నల్లా బిగించిన రెండు బకెట్లు. ఆ పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు తయారుచేశారు, ఇంజనీరింగు పుస్తకాల్లో దాని పేరు 'నల్లగొండ టెక్నిక్'. మా ఊరి పేరు పుస్తకాల్లోకి ఎక్కింది ఇందుకు! ఆ తర్వాత స్టీలు క్యాండిల్ ఫిల్టరు, ట్యాంకర్ల కాలంలో కొన్న నీలం డ్రమ్ములు, ఇరవై లీటర్ల క్యాన్లు, చివరికి గోడకు ఆర్వో మిషన్.

2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ వేశారు, ఇప్పుడు మా నల్లాలో కృష్ణా నీళ్లే వస్తున్నాయి. అయినా అమ్మ ఒక్క డ్రమ్ము కూడా వదలలేదు. అడిగితే ఒకటే మాట: "రేపు నీళ్లు బందయితే నువ్వు తెచ్చి పోస్తవా?"

అందుకని ఏది పోవాలో ఏది ఉండాలో తేల్చే అధికారం అమ్మకే ఇచ్చాం. పని నిదానంగా నడిచింది గానీ గొడవ లేకుండా నడిచింది. ఒక షరతు మాత్రం పెట్టింది. మంగళవారం, శుక్రవారం ఇంట్లోంచి ఇత్తడి, రాగి బయటికి పోకూడదు. నేను నవ్వాను. తర్వాత తుక్కు కొట్టాయన కూడా అదే చెప్పాడు: "శుక్రవారం మాకు కాగితాలు, ప్లాస్టికే వస్తయక్కా. ఇత్తడి ఎవరూ తియ్యరు."

మొదట మా గల్లీలో మైకు పెట్టుకుని తిరిగే ట్రాలీ ఆటోను ఆపాం. పాత ఇనుప సామాన్లు, పాత పేపర్లు, ఖరాబైన కూలర్లు, వాషింగ్ మిషన్లు కొంటామని రికార్డు మోగుతూనే ఉంది, ఆయన మాత్రం కూలర్ వైపు చూడకుండా నేరుగా బిందెల దగ్గరికి నడిచాడు. జేబులోంచి కొక్కెం ఉన్న స్ప్రింగు కాటా తీశాడు. బిందెల మెడలకు తాడు కట్టి, కొక్కేనికి తగిలించి, ఎడమచేత్తో పైకెత్తి ముల్లు ఆగకముందే అంకె చెప్పేశాడు. అమ్మ అరుగు మీద కూర్చుని చూస్తోంది. "ఒక్క నిమిషం ఆగు నాయనా" అని నాతో లోపలున్న నిండు గ్యాస్ సిలిండర్ తెప్పించింది. సీలు ఇంకా తీయలేదు. సిలిండర్ పైభాగంలో ఖాళీ బరువు రాసి ఉంటుంది. మాదాని మీద 15.6 అని ఉంది. దానికి లోపలి గ్యాసు 14.2 కలిపితే 29.8 కిలోలు. "గిది తూకం వెయ్యి" అంది. ముల్లు 26 దగ్గర ఆగింది. ఆయన కాటాను ఒకసారి దులిపాడు, మళ్లీ ఎత్తాడు. మళ్లీ 26.

"స్ప్రింగు పాతదమ్మా" అన్నాడు.

"బిందెలు కూడ పాతయే. కానీ బరువు తగ్గలే" అంది అమ్మ.

రేషన్ షాపు ముందు ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషితో కాటా దగ్గర ఆటలాడితే ఇలాగే ఉంటుంది. ఆయనకు పాత పేపర్లు మాత్రం ఇచ్చి పంపేశాం. అవి కూడా మేము ముందే ఇంట్లో మనుషుల బరువు చూసుకునే మిషన్ మీద తూచి పెట్టుకున్నవే.

కాగితాల సంగతి ఒక మాట. కిలోల లెక్కన అమ్మేముందు ప్రతి కట్టా విప్పి చూడండి. మా కరెంటు బిల్లుల కట్ట మధ్యలో నాన్న ఊళ్లో కొన్న అరెకరం తాలూకు సాదా బైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం పత్రం దొరికింది. భూభారతి అనే కొత్త భూమి చట్టం వచ్చాక ఆ తెల్లకాగితాలకు ఎంత విలువ ఉందో మా వైపు ఎవరినడిగినా చెబుతారు. ఆధార్ జిరాక్సులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు వేరుగా తీసి, నీళ్లలో నానబెట్టి ముద్ద చేసి పారేశాం.

ఇత్తడి, రాగి, ఇనుము ట్రాలీ ఆటోలో వేసుకుని మిర్యాలగూడ రోడ్డు వైపు ఉన్న ఒక తుక్కు కొట్టుకు మేమే తీసుకుపోయాం. ఆటో కిరాయి పోయినా నయమే అనిపించింది. అక్కడ కరెంటు కాటా, దాని పక్కన తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన సర్టిఫికెట్ గోడకు ఉంది. కొట్టాయన ముసలాయన. బనియన్ మీద తువ్వాల, చేతిలో దారానికి కట్టిన అయస్కాంతం. ఏ వస్తువు వచ్చినా ముందు దాని మీద అయస్కాంతం వేలాడదీస్తాడు. మేము ఇత్తడి అనుకున్న నల్లా ఒకటి టప్పున అంటుకుంది. "లోపల ఇనుమక్కా, పైన పూత" అని ఇనుము కుప్పలోకి విసిరాడు. అంటుకోనివాటిని ఆకురాయితో అంచు మీద ఒక గీత గీకుతాడు. ఎర్రగా మెరిస్తే రాగి, పసుపైతే ఇత్తడి. అన్నం తినే పాత కంచాన్ని మాత్రం గీకలేదు. వేలి గోటితో ఒకసారి మీటి, మోత ఆగేదాకా విన్నాడు. "ఇది కంచు. ఇత్తడి ధరకు ఇయ్యకురి, ఇంటికి తీస్కపోరి" అన్నాడు. అలా చెప్పే వ్యాపారి ఉంటాడని నేననుకోలేదు. ఆ కంచం ఇప్పుడు నా దగ్గరే ఉంది.

ఆ రోజు మాకొచ్చిన ధరలు: రాగి కిలో 640, ఇత్తడి 410, సత్తు గిన్నెలు 130, ఇనుము 27. పోత ఇనుముకు ఒక ధర, రేకుకు ఒక ధర. ఈ ధరలు వారం వారం మారుతుంటాయి కాబట్టి రెండు కొట్లలో అడిగి పోవడం మంచిది. ఇనుము ఇక్కణ్నుంచి లారీల్లో కొత్తూరు వైపు కొలిమిలకు పోతుందట. కరిగి సలాకగా మళ్లీ ఏదో ఇంటి స్లాబులోకి చేరుతుంది.

కొట్టు వెనక రేకుల షెడ్డులో ఇద్దరు ఆడవాళ్లు నీళ్ల బాటిళ్ల కుప్ప ముందు కూర్చుని మూతలు తిప్పి తీస్తున్నారు. బాటిల్ ఒక రకం ప్లాస్టిక్, మూత ఇంకో రకం, కలిసి ఉంటే ధర పడిపోతుంది. ఒకామె కొడవలి ముక్కతో లేబుల్ చీరి పక్కన వేస్తోంది. ఆ లేబుళ్ల కుప్ప ఎవరికి అమ్ముతారని అడిగాను. "అది ఎవరూ కొనరమ్మ, మున్సిపాలిటీ బండికి పోతది" అంది.

మా ఆర్వో మిషన్ వంతు వచ్చింది. కొట్టాయన పంపు విప్పి తీసుకున్నాడు, అడాప్టరు తీసుకున్నాడు. తెల్లటి గొట్టంలో ఉండే మెంబ్రేన్‌ను, మార్చినప్పుడల్లా అమ్మ దాచిపెట్టిన పాత క్యాట్రిడ్జిలను మా సంచిలోనే తిరిగి వేశాడు. క్యాండిల్ ఫిల్టరులో స్టీలు తీసుకుని పింగాణీ క్యాండిళ్లు వెనక్కిచ్చాడు. ఏ కొట్టుకు పోయినా ఇంతే: సంచీ నిండుగా తీసుకుపోతే మూడొంతులు డబ్బవుతుంది, ఒక వంతు మనతోనే ఇంటికొస్తుంది. ఆ ఒక వంతు ఇంట్లో ఒక మూలన పెరుగుతూ పోయింది. దానికి తమ్ముడు వీడియో కాల్‌లో 'మ్యూజియం' అని పేరు పెట్టాడు. వాడికేం, బెంగళూరులో కూర్చుని పేర్లు పెడతాడు.

డ్రమ్ములను మాత్రం తుక్కు లెక్కన అమ్మకండి. మా మేస్త్రీయే పని దగ్గర నీళ్లకు కావాలని కొన్ని తీసుకున్నాడు. సిమెంటు గోళేన్ని బద్దలు కొట్టబోతుంటే పాలుపోసే ఆయన చూసి, బర్రెలకు కుడితి పెట్టుకుంటానని నలుగురిని తెచ్చి దొర్లించుకుపోయాడు. రెండు నెలలుగా అమ్మ పాల బిల్లులో ఆ గోళెం ఖరీదు కొంచెం కొంచెం తగ్గిస్తూ వస్తోంది, అది వేరే కథ.

కరెంటు సామాను దగ్గర కాస్త ఆలోచించాల్సి వచ్చింది. నాన్న 1996 ప్రపంచ కప్పు కోసం కొన్న పెద్ద డబ్బా టీవీ ఉంది. తుక్కు కొట్టాయన దానికి వంద రూపాయలిస్తానన్నాడు. ఏం చేస్తారంటే, వెనక ఉన్న రాగి చుట్ట, బోర్డు తీసి మిగతాది పగలగొడతామన్నాడు. పాత పిక్చర్ ట్యూబు గాజులో సీసం కలుపుతారు, ఎక్స్ కిరణాలు బయటికి రాకుండా. అది పగిలి మట్టిలో కలిస్తే ఎక్కడికి పోతుంది? ఫ్లోరైడ్ నీళ్లతో ఇన్నేళ్లు అవస్థపడ్డ ఊళ్లో సీసం కూడా దేనికని అమ్మలేదు. తమ్ముడు కారులో వచ్చినప్పుడు టీవీ, పాత కంప్యూటర్ మానిటర్, సెల్‌ఫోన్ ఛార్జర్ల మూట డిక్కీలో వేసి హైదరాబాద్‌లో ఈ-వేస్ట్ తీసుకునే రిజిస్టర్డ్ సంస్థకు ఇచ్చాం. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఇలాంటివి రీసైక్లింగ్ చేసేవాళ్లకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. డబ్బులేమీ రాలేదు, రసీదు వచ్చింది. వంద రూపాయలు పోయాయని అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఇన్వర్టర్ బ్యాటరీ ఇంకా సులువు. క్లాక్ టవర్ దగ్గర బ్యాటరీల షాపులో పాతదిచ్చి కొత్తది కొంటే ధర తగ్గిస్తారు. షాపతను ఫోన్‌లో ఒకటే చెప్పాడు: లోపలి యాసిడ్ ఒంపకుండా, నిలువుగా పెట్టి తెమ్మని. బరువని మోసేవాళ్లు మోరీలో ఒంపేస్తారట. ఆ నీళ్లలో సీసం కూడా ఉంటుంది. ఫ్రిజ్‌ను మెకానిక్ స్పేర్ పార్టులకని తీసుకున్నాడు.

బట్టలకు స్టీలు గిన్నెలమ్మే ఆమె వచ్చింది. రెండు గంపల చీరలకు ఒక డబ్బా, రెండు టిఫిను ప్లేట్లు. ఇల్లు ఖాళీ చేస్తుంటే మళ్లీ సామాను ఎందుకమ్మా అని నేను తల పట్టుకున్నాను. దూది పరుపులను ఏకే షాపుకు పంపిస్తే కొత్త గుడ్డ వేసి ఇచ్చారు, అవి కొత్త ఇల్లు లేచేదాకా అమ్మ ఉండే కిరాయి ఇంటికి పోయాయి. కొబ్బరిపీచు పరుపును మామయ్య తన బత్తాయి తోటలో మోటారు రూముకు తీసుకుపోయాడు. స్పాంజి పరుపులు, దిండ్లు మాత్రం ఏ బండీ ముట్టలేదు. ఎదురింటి పెద్దాయన సలహా: "రాత్రి పది దాటినంక అగ్గి పెట్టు, పొద్దుగాల్ల బూడిదే ఉంటది." స్పాంజి కాలితే వచ్చే పొగ ఎంత విషమో ఆయనకు చెప్పాను, వినలేదు. చెత్త కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా అని 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశం ఇచ్చిందని చెబితే అప్పుడు లోపలికి పోయాడు. రూపాయల్లో చెప్పాలి ఏదైనా.

పొద్దున్నే వచ్చే మున్సిపాలిటీ ఆటోతో నాకు బాగా పొత్తు కుదిరింది. దాని మీద ఒకామె, డ్రైవరు ఉంటారు. మొదటి రోజు నేను పెద్ద మూటలు తెచ్చి పెడితే ఆమె చేతులు నడుముకు పెట్టుకుని, "అక్కా, గల్లీ మొత్తానిదీ ఇదే ఆటో. రోజుకో సంచి ఇయ్యి, నెలంత ఇయ్యి, నేను కాదంటనా?" అంది. అప్పట్నుంచి మ్యూజియంలోంచి రోజుకో సంచి కట్టి ఉంచేదాన్ని. పగిలిన గాజు, అద్దం ముక్కలను పాత పేపర్లలో మందంగా చుట్టి, పైన స్కెచ్ పెన్నుతో 'గాజు' అని పెద్దక్షరాలతో రాశాను. ఆమె ఆ మూటను అటూ ఇటూ తిప్పి చూసి, "నాకు సదువు రాదక్కా. ఎర్ర గుడ్డ కట్టు, చెయ్యి పెట్టకముందే తెలుస్తది" అంది. అమ్మ వెంటనే పాత ఎర్ర చీర అంచు చింపి పేలికలు చేసింది. గాజుకు, రేజరు బ్లేడ్లకు, నాన్న ఇన్సులిన్ సూదులు వేసి మూత బిగించిన సీసాకు ఎర్ర పేలిక. ట్యూబులైట్లను వాటి అట్టపెట్టెలోనే ఉంచి, దానికీ ఎర్ర పేలిక. వాటిలో కొంచెం పాదరసం ఉంటుంది, పగలకుండా పోవాలి. గడువు తీరిన మందులు వేరే కవరు. తడి చెత్త, పొడి చెత్త అని రెండు బుట్టల గురించే మనకు తెలుసు గానీ, 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు ఇంటి ప్రమాదకర చెత్త అని మూడోదాన్ని కూడా పెట్టాయి. సూదులు, మందులు, ట్యూబులైట్లు, బ్యాటరీ సెల్లులు, రంగు డబ్బాలు, పురుగుమందు డబ్బాలను అందులోకే చేర్చాయి. స్పాంజి పరుపులకు, దిండ్లకు మున్సిపాలిటీ వార్డు జవాన్‌ను అడిగితే డబ్బు కట్టించుకుని, రసీదిచ్చి ట్రాక్టరు పంపించాడు.

ఇక ఇల్లు కూల్చడం. టేకు దూలాలు, తలుపులు, పెంకులు ఉన్న ఇల్లయితే కూల్చే కాంట్రాక్టరే మనకు ఎదురు డబ్బిస్తాడు. వట్టి ఇటుక, రేకులైతే మనమివ్వాలి. మాది రెండూ ఉన్న ఇల్లు కాబట్టి మామయ్య బాగా బేరమాడి మాకే కొంత వచ్చేలా ఒప్పించాడు. వెనక గది సిమెంటు రేకులను మాత్రం గునపంతో పగలగొట్టవద్దని నేను పట్టుబట్టాను. వాటిలో ఉండే ఆస్‌బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. నీళ్లు చల్లి, బోల్టులు విప్పి, మొత్తం రేకులుగా దించారు. కూలీలకు మూతికి గుడ్డ కట్టుకోమంటే ఒకరిద్దరు కట్టుకున్నారు, మిగతావాళ్లు మెడకు వేసుకున్నారు.

మట్టి, ఇటుక పెళ్లలు ఎత్తడానికి కాంట్రాక్టరు ఒక ట్రాక్టరాయనను పెట్టాడు. ఎక్కడ పోస్తావని అడిగితే "మనకు జాగ ఉంది మేడం, టెన్షన్ వద్దు" అన్నాడు. ఆ సాయంత్రమే మామయ్య పానగల్లు నుంచి బండి మీద వస్తూ ఒక కుంట అలుగు పక్కన ఆగి ఫోన్ చేశాడు. నీళ్లు పారే తోవలో కొత్తగా పోసిన కుప్ప, దాని మీద నీలం రంగు పూల టైల్సు. అవి మా బాత్రూం టైల్సే. నాన్న సూర్యాపేట దాకా పోయి ఏరి తెచ్చినవి, ఆ పూలు ఇంకో ఇంట్లో ఉండవు. వానాకాలం, ఇంకో పెద్ద వాన పడితే అలుగు మూసుకుని నీళ్లు పొలాల మీదికి తిరిగేవి. ట్రాక్టరాయన మొదట తనది కాదన్నాడు. మామయ్య ఫోటోలు చూపించి, ఎత్తేదాకా కిరాయి రాదని కాంట్రాక్టరు ఎదురుగానే చెప్పేశాడు. మర్నాడు జేసీబీ తెచ్చి గొణుక్కుంటూ ఎత్తాడు.

ఎత్తినది ఎక్కడ పోయాలి? దీనికి జవాబు మా కాలనీలోనే దొరికింది. కొత్తగా ఇల్లు కడుతున్న ఒక రిటైర్డ్ టీచరు ప్లాటు రోడ్డు కంటే పల్లంగా ఉంది. బేస్‌మెంట్ నింపడానికి ఆయన మొరం కొంటున్నాడు. ఇటుక పెళ్లలు కింద వేసి పైన మొరం వేస్తే ఆయనకు సగం ఖర్చు మిగులుతుంది. ట్రాక్టరు కిరాయిలో కొంత ఆయనే పెట్టుకున్నాడు. ప్లాస్టిక్, కట్టె, గుడ్డ లేకుండా ఏరి ఇవ్వాలన్నది ఆయన షరతు, అది న్యాయమే. కుళ్లేవి, నలిగేవి కలిస్తే కొన్నాళ్లకు నేల కుంగుతుంది. కాబట్టి ఇల్లు కూలుస్తున్నవాళ్లు ముందే నాలుగు గల్లీలు తిరిగి బేస్‌మెంట్ నింపుకునేవాళ్లెవరో కనుక్కోండి. ట్రాక్టరును ఆ తర్వాత పిలవండి. కిరాయి కూడా మట్టి పడాల్సిన చోట పడ్డాకే ఇవ్వండి.

అన్నీ అయ్యాయనుకున్నాక రేకుల గది అలమర వెనక నుంచి ఒక డబ్బా బయటపడింది. నాన్న బడి పంతులే అయినా ఊళ్లో నాలుగెకరాల పత్తి చేసేవాడు. ఆ డబ్బా ఎండోసల్ఫాన్, సగానికి పైగా ఉంది. సుప్రీంకోర్టు 2011 మే 13న దేశమంతా నిషేధించిన పురుగుమందు. డబ్బా అడుగు తుప్పు పట్టి చెమ్మగా ఉంది, గదిలో ఒక రకమైన ఘాటు. కూలీలను బయటికి పంపేసి, చేతులకు కవర్లు తొడుక్కుని దాన్ని ఒక ప్లాస్టిక్ బకెట్లో నిలబెట్టి చుట్టూ ఎండు ఇసుక పోశాను.

పురుగుమందుల దుకాణంలో అడిగితే ఆయన దాదాపు చేతులు జోడించాడు. "మేడం, అది నా షాపుల కనబడితే లైసెన్సు పోతది." మా ఊరి వ్యవసాయ విస్తరణాధికారికి ఫోన్ చేశాను. ఓపికగా చెప్పాడు: మోరీలో పోయొద్దు, కాల్చొద్దు, బావి దగ్గర పాతిపెట్టొద్దు, మూత ఉన్న బకెట్లో ఇసుకలో పెట్టి, పైన పేరు రాసి, పిల్లలకు అందకుండా తాళం వేయండి. సరే, ఆ తర్వాత? హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాల యార్డు ఉంది గానీ అది ఫ్యాక్టరీల కోసం నడిచేది, ఒక్క డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడితే తీసుకునేది కాదు. 2016 నిబంధనల్లో ఊళ్లో ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఇంటి ప్రమాదకర చెత్త తీసుకునే కేంద్రం ఒకటి పెట్టాలని రాశారు. ఆ మాట వార్డు జవాన్‌తో అన్నాను. పై సార్లను అడిగి చెబుతానన్నాడు. మంచి మనిషే, అందుకే ప్రతి సోమవారం గుర్తు చేస్తున్నాను.

కిరాయి ఇంట్లో పెడదామంటే కింద చిన్నపిల్లలున్నారని అమ్మ ఒప్పుకోలేదు. తోటలో పెట్టనని మామయ్య మొదట మొండికేశాడు, బత్తాయిలకు ఏమైనా అవుతుందని. చివరికి మోటారు రూములో కాదు, దానికి దూరంగా ఉన్న పాత సామాన్ల కొట్టంలో పెట్టి తాళం వేశాం. బకెట్ మూతకు ఎర్ర పేలిక కట్టాం. ముగ్గు పోసిన రోజు అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు ఆస్తుల మాట వచ్చింది. నాన్న కొన్న ప్రతిదాంట్లో కొడుకు వాటా కొడుక్కి రావాల్సిందేనని, ఆ డబ్బా బెంగళూరుకు తీసుకుపొమ్మని అమ్మ తమ్ముడితో అంది. వాడు ఇంకో గరిటె పప్పు వేయించుకుని, తన వాటా అక్క పేర రాసిస్తానన్నాడు.